ఏప్రిల్ 1: మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఆ రోజు ఏమేమి జరిగింది?

వంశధార (పర్లాకిమిడి)
మార్చి 24, రాత్రి 8.15

సభ్యులందరికీ నమస్కారం.

మా వీధి గ్రంథాలయం అరుగు మీద ఒక నల్లబల్ల ఉంది. పొద్దున్నే పాలు తెచ్చుకుని వచ్చేటప్పుడు దాని మీద "చరిత్రలో ఈ రోజు" అని రెండు మూడు వాక్యాలు రాస్తాను. పైన తెలుగులో, కింద ఒడియాలో. బడికి వెళ్లే పిల్లలు చదువుతారు. పింఛను కోసం బ్యాంకుకు బయలుదేరిన పెద్దలు ఆగి నా తప్పులు దిద్దుతారు. మూడేళ్లుగా ఇదే నా పొద్దుటి పని.

వచ్చే వారం ఏప్రిల్ 1. ఎక్కడైనా దొరికేవి నా దగ్గర ఉన్నాయి. 1935లో రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టింది, 1957లో నయా పైసలు వచ్చాయి. వీటిని ఢిల్లీలో ఉన్నవాళ్లయినా రాసుకోవచ్చు. నాకు మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు సంగతులు కావాలి. మీ ఇంట్లో కాగితం ముక్క ఉన్నా, పెద్దవాళ్ల నోట విన్న మాట ఉన్నా పెట్టండి.

ఇంకో విషయం కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1ని ఎలా రాయాలి? పోయిన ఏడాది "ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన రోజు" అని రాశాను. ఒక తాతగారు వచ్చి చాలాసేపు నిలబడ్డారు. సుద్దముక్క అడిగి తీసుకుని, దాని కింద వణికే చేత్తో "పర్లాకిమిడి మద్రాసు నుంచి వేరుపడిన రోజు" అని రాసి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఎవరో ఆ రెండో వాక్యం ఒక్కటే తుడిచేశారు. బల్ల మీద అరచేతి వెడల్పున తెల్లటి మరక మిగిలింది. ఆ మరక నా కళ్ల ముందు నుంచి పోలేదు. అందుకే ఈసారి ముందుగా అడుగుతున్నాను.

నౌపడ_ఉప్పు (కాశీనగర్)
మార్చి 24, రాత్రి 9.40

వంశధార గారూ, మొదటి వరుసలో చిన్నరైలును పెట్టండి. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు నడవడం మొదలైంది. రాజా గౌరచంద్ర గజపతి హయాంలో సంస్థానం సొమ్ముతో వేసిన దారి అది. సుమారు 40 కిలోమీటర్లు. ఖర్చు ఏడు లక్షల రూపాయలు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే.

మొదటి పదేళ్లు అది నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. 1924-25 తర్వాత లాభం పెరిగింది, దాంతో ధైర్యం చేసి 1929లోనూ 1931లోనూ రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు.

మా నాన్న ఊరు నౌపడ, అమ్మ పుట్టిల్లు కాశీనగర్. వేసవి సెలవులంటే నాకు ఆ రైలే. చెక్క బెంచీల అంచులు కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయి ఉండేవి. టెక్కలిలో అరటిగెలలు ఎక్కేవి. పాతపట్నం దాటాక సంత రోజైతే కొండ దిగివచ్చిన సవర ఆడవాళ్లు చీపురు కట్టలతో ఎక్కేవారు. బండి ఎంత మెల్లగా పోయేదంటే, మా అన్నయ్య వంపు దగ్గర దిగి పక్కనే నడిచి మళ్లీ ఎక్కేవాడు. అమ్మ తిట్టేది, తిడుతూనే చెయ్యి అందించేది. 2004 జూన్‌లో చిన్న పట్టాల మీద రాకపోకలు ఆగిపోయాయి. 2011 నాటికి పెద్ద పట్టాల మీద రైలు గుణుపురం చేరింది.

ఆ పాత దారి ఒక్క జిల్లాలో పుట్టిందని మరిచిపోకండి. 1900లో నౌపడ కూడా గంజాం జిల్లానే, పర్లాకిమిడి కూడా గంజాం జిల్లానే. రెండూ మద్రాసు రాజధానిలోవే. (మద్రాసు ప్రెసిడెన్సీని అలా అనేవారు.)

ఖజానా_గుమాస్తా (బరంపురం)
మార్చి 25, ఉదయం 6.30

ఇన్ని సంగతులు ఒక్క ఏప్రిల్ 1నే ఎందుకు పడ్డాయని పిల్లలు అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

నేను ప్రభుత్వ ఖజానాలో 31 ఏళ్లు పనిచేశాను. మార్చి 31 రాత్రి మా ఆఫీసులో దీపం ఆరేది కాదు. పద్దులు మూసే రోజు. మంజూరైన డబ్బు ఆ రాత్రిలోగా ఖర్చు రాయకపోతే మురిగిపోతుంది, అందుకని చుట్టుపక్కల ఆఫీసుల బిల్లులన్నీ సాయంత్రం నుంచి వచ్చి పడేవి. బల్ల మీద కట్టలు గడ్డం దాకా ఉండేవి. రబ్బరు ముద్ర కొట్టి కొట్టి మణికట్టు వాచేది. తెల్లవారితే కొత్త దస్త్రం, మొదటి పేజీ, మొదటి అంకె. ఆ పేజీ మీద పసుపు బొట్టు పెట్టే పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవారు.

మన దేశంలో ప్రభుత్వ లెక్కల సంవత్సరం 1867 నుంచి ఏప్రిల్ 1న మొదలవుతోంది. అంతకుముందు మే 1. కొత్త రాష్ట్రం పుట్టిందంటే దానికి సొంత ఖజానా, సొంత బడ్జెట్టు కావాలి. లెక్క నడుమ తెంచడం కష్టం. కాబట్టి ఏడాది మొదటి రోజునే పుట్టించారు. 1912 ఏప్రిల్ 1న బెంగాలు నుంచి బీహార్-ఒరిస్సా రాష్ట్రం విడిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా వచ్చింది. అదే రోజున బొంబాయి నుంచి సింధు విడిపోయి కరాచీ రాజధానిగా రాష్ట్రం అయింది. 1935లో రిజర్వు బ్యాంకు కూడా ఆ రోజే. ముందు దాని కేంద్ర కార్యాలయం కలకత్తాలో ఉండేది, 1937లో బొంబాయికి మార్చారు.

1912ను కూడా బల్ల మీద రాయండి. ఎందుకంటే అప్పుడు గంజాం కలవలేదు, మద్రాసులోనే ఉండిపోయింది. 1936 కథ అర్థం కావాలంటే ఈ ముడి తెలియాలి.

రుషికుల్య (ఛత్రపురం)
మార్చి 25, ఉదయం 11.05

నేను ఒడియా మాధ్యమంలో చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. తెలుగు రాయడం నాన్నగారి దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఒరిస్సా ఏర్పడిన ఏప్రిల్ 1న జరిపే ఉత్కళ దినోత్సవం నాకు పండుగే. చిన్నప్పుడు బడిలో దీపాలు పెట్టేవాళ్లం. పోయిన ఏడాది మీ బల్ల మీద ఆ రెండో వాక్యం తుడిచినవారి మనసు కూడా నాకు కొంత అర్థమవుతుంది. ఒడియా మాట్లాడే జనం అప్పుడు ముక్కలు ముక్కలుగా ఉన్నారు. కటకం, పూరీ, బాలేశ్వరం బెంగాలు కింద, సంబల్‌పూర్ మధ్య పరగణాల కింద, మన గంజాం మద్రాసు కింద. ఏ ఆఫీసుకు వెళ్లినా వాళ్ల భాష రెండో భాషే. వాళ్లంతా ఒకటి కావాలని 1903 డిసెంబరులో మధుసూదన్ దాస్ ముందు నిలిచి కటకంలో ఉత్కళ సమ్మేళనం పెట్టారు. అక్కడి నుంచి 33వ ఏట రాష్ట్రం వచ్చింది. భాషను బట్టి ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే.

మనం 1953 అక్టోబరు 1ని తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి కదా? పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పోయాక వచ్చిన రాష్ట్రం అది. అదే కోరిక వాళ్లకు 17 ఏళ్ల ముందు తీరింది. ఆ సంతోషాన్ని తెలుగువాళ్లమైన మనం అందరికంటే ఎక్కువగా అర్థం చేసుకోవాలి.

టెక్కలి_దారి (పర్లాకిమిడి)
మార్చి 25, మధ్యాహ్నం 3.20

రుషికుల్య గారూ, మీ మాట కాదనను. అయితే అదే రోజున ఈ ఊరి నుంచి ఒక పెద్దాయన వెళ్లిపోయారు. దాన్ని కూడా చెప్పనివ్వండి.

గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. వాడుక భాష ఉద్యమం అందరికీ తెలుసు, ఆగస్టు 29న ఊరూరా దండలు వేస్తారు. ఇక్కడివాళ్లకు తెలిసిన గిడుగు వేరు. ఆయన సవరల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి పెట్టి వాళ్ల భాషలో చదువు చెప్పించారు. సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో. ఆ నిఘంటువు వచ్చే నాటికి ఆయన ఇక్కడ లేరు.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన ఒప్పుకోలేదు. అందుకోసం అప్పటి రాజా కృష్ణచంద్ర గజపతి గారితో తెగతెంపులు చేసుకున్నారు. 1936 మార్చి ఆఖరి రోజు దాకా ఇక్కడే ఉండి, కొత్త రాష్ట్రం మొదలైన పొద్దుటికి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 72 దాటాయి. 56 ఏళ్ల ఊరు. మళ్లీ ఇక్కడ స్థిరపడలేదు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆ రోజుల్లో పర్లాకిమిడి నుంచి రైలు మీద బయటి ఊళ్లకు పోవాలంటే నౌపడ ఒక్కటే మార్గం. 36 ఏళ్ల కిందట అదే తేదీన మొదలైన చిన్నరైలు మార్గం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తాతగారు రాసిన వాక్యం తుడవకూడదు. నా మాట అంతే.

రుషికుల్య (ఛత్రపురం)
మార్చి 25, సాయంత్రం 5.50

ఆయన ఊరు వదిలి వెళ్లారని తెలుసు, సరిగ్గా ఆ రోజే అని తెలియదు. తుడవకూడదు. ఒప్పుకుంటున్నాను.

జయపురం_కోట (జయపురం)
మార్చి 25, రాత్రి 9.10

కొరాపుట్ జిల్లా పుట్టినరోజు కూడా ఆ ఏప్రిల్ 1నే. అంతకుముందు మేం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. సాలూరు ఘాటు దిగితే జిల్లా కేంద్రానికి దారి. 1936లో ఘాటు పైన ఉన్న జయపురం సంస్థానం ఒరిస్సాకు వచ్చింది, ఘాటు కింద సాలూరు, పార్వతీపురం మద్రాసులోనే ఉండిపోయాయి.

అయినా తెగిపోనిది ఒకటి చెప్తాను. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ 1931లో గద్దెనెక్కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్ష. తన సంస్థానం మరో రాష్ట్రంలోకి వెళ్లినా ఆ విశ్వవిద్యాలయంతో ఆయన బంధం తెగలేదు. వాల్తేరులో సైన్సు కళాశాలకు ఆయన పేరే. మా పెద్దనాన్న అక్కడ చదివి, ఆ పేరు పలకను చేత్తో తుడిచి మరీ పరీక్షకు వెళ్లేవాడట. "మన రాజుగారి పేరు ఇది" అని తోటివాళ్లకు చూపించేవాడట.

ఆయన తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన సాహిత్యవేత్త. రెండు భాషలవాళ్లూ మావాడంటారు. ఇద్దరిదీ నిజమే.

మందస_మామిడి (ఇచ్ఛాపురం)
మార్చి 26, ఉదయం 7.45

పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి గారు ఆ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా తొలి ప్రధానిగా ప్రమాణం చేశారు కదా. అది మొదటి వరుసలో ఉండాలి. మీ ఊరి మనిషి.

ఖజానా_గుమాస్తా (బరంపురం)
మార్చి 26, ఉదయం 8.20

తేదీ సరే, సంవత్సరం 1937 అండి. 1936 ఏప్రిల్ 1న ప్రమాణం చేసినది గవర్నరు. సర్ జాన్ హబ్బక్ అనే ఆయన, కటకం రావెన్‌షా కళాశాల భవనంలో. పాట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి వచ్చి ప్రమాణం చేయించారు. ఏడాది తర్వాత, 1937 ఏప్రిల్ 1న రాష్ట్రాలకు స్వయంపాలన ఇచ్చే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజు కృష్ణచంద్ర గజపతి గారు తొలి ప్రధాని అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. జూలైలో కాంగ్రెసు తరఫున బిశ్వనాథ్ దాస్ వచ్చారు, ఆయనా మన గంజాంవారే. గజపతి గారు 1941లో మళ్లీ పదవి చేపట్టి 1944 దాకా ఉన్నారు.

రాజాగారి విషయంలో ఒక్క మాట. లండను రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఒరిస్సా కోసం వాదించినవారు ఆయన. తీరా రాష్ట్రం వచ్చాక ఆయన సంస్థానమే రెండుగా చీలింది. ఊరు, కొంత భాగం ఇటు వచ్చాయి, మిగిలినది మద్రాసులో ఉండిపోయింది. గిడుగువారు వదులుకున్నదీ ఎక్కువే, రాజాగారు వదులుకున్నదీ తక్కువ కాదు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసిన జిల్లాకు గజపతి అని పేరు పెట్టారు.

హైకోర్టు సంగతి కూడా చెప్పాలి. బరంపురం వకీళ్లు అంతవరకు పెద్ద వ్యాజ్యాలకు మద్రాసు వెళ్లేవారు. 1936తో దారి పాట్నాకు మళ్లింది. కటకంలో మన హైకోర్టు వచ్చింది 1948 జూలై 26న. ఆ పన్నెండేళ్లు గంజాం కక్షిదారు గంగ ఒడ్డు దాకా వెళ్లాల్సి వచ్చింది.

మందస_మామిడి (ఇచ్ఛాపురం)
మార్చి 26, ఉదయం 8.50

దిద్దినందుకు కృతజ్ఞతలు బాబాయి గారూ. మా వైపు సంగతి నేను చేరుస్తాను. గంజాం జిల్లాలో ఇటు మిగిలిపోయిన ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడే దాకా పద్నాలుగేళ్లు మాది విశాఖ జిల్లానే. బరంపురం సుమారు పాతిక కిలోమీటర్లే. ఈనాటికీ పెళ్లి పట్టుబట్టలకు అక్కడికే వెళ్తాం.

గోపాలపురం_తీరం (బరంపురం)
మార్చి 26, రాత్రి 10.30

1937 అనగానే లేచి మా అమ్మమ్మ పెట్టె తీశాను.

అందరూ రాష్ట్రాల సంగతే చెప్తున్నారు. 1937 ఏప్రిల్ 1న భారతదేశం నుంచి బర్మా విడిపోయింది. మన పెద్దలు రంగూన్‌ను రంగం అనేవారు. గంజాం ఊళ్లలో రంగం వెళ్లని ఇల్లు లేదన్నట్టు ఉండేది. గోపాలపురం దగ్గర పడవల్లో వెళ్లి, అలల అవతల నిలిచిన ఓడ ఎక్కేవారు. రేవుల్లో మూటలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. అమ్మమ్మ అన్నయ్య కూడా అలాగే వెళ్లాడు.

ఆయన రాసిన రెండు కవర్లు పెట్టెలో ఉన్నాయి. రెండింటి మీదా ఐదో జార్జి బొమ్మ ఉన్న మన ఇండియా తపాలా బిళ్లే. మొదటిదాని మీద ఇంకేమీ లేదు. రెండోదాని మీద రాజుగారి బొమ్మకు అడ్డంగా నల్ల అక్షరాలతో బర్మా అని ఇంగ్లీషులో ముద్ర కొట్టి ఉంది. విడిపోయిన కొత్తలో వాళ్లు సొంత బిళ్లలు అచ్చు వేయలేదు, మన బిళ్లల మీదే పేరు అచ్చుకొట్టి వాడారు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ నల్లగీత ఏమిటని తపాలా బంట్రోతును అడిగితే "మీ అన్నయ్య ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాడమ్మా" అన్నాడట. ఆవిడకు నవ్వొచ్చిందట. "ఇల్లు మారలేదు, వీధి మారలేదు, దేశం ఎలా మారుతుంది?" అందట.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత ఆయన జాడ తెలియలేదు. చాలామంది అడవుల మీదుగా నడిచి వచ్చారు, కొందరు రాలేదు. అమ్మమ్మ పోయే దాకా ఆ కవరును పసుపు గుడ్డలో చుట్టి ఉంచింది.

వంశధార గారూ, వీలైతే ఒక్క వాక్యం రాయండి.

వంశధార (పర్లాకిమిడి)
మార్చి 26, రాత్రి 11.15

రాస్తాను అమ్మా. మొదటి వరుసలోనే రాస్తాను.

పెద్దబజారు_కిరాణా (బరంపురం)
మార్చి 27, మధ్యాహ్నం 2.00

1957 ఎక్కడైనా రాసుకోవచ్చన్నారు. మా కొట్టు కథ వింటే ఆ మాట వెనక్కు తీసుకుంటారు.

అంతవరకు రూపాయికి పదహారు అణాలు. అణాకు నాలుగు కానులు. కానీకి మూడు దమ్మిడీలు. చదువు రాని ముసలమ్మ కూడా వేళ్ల కణుపుల మీద లెక్క కట్టి దమ్మిడీ తేడా రానిచ్చేది కాదు. ఆ ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలన్నారు. అణా అంటే ఆరుంపావు. పావు పైసా ఎక్కడి నుంచి తెస్తాం? అందుకని ప్రభుత్వం పట్టీ ఇచ్చింది. అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడు అణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై అయిదు. మా తాత ఆ పట్టీని కొట్టు స్తంభానికి అన్నం మెతుకులతో అంటించాడు. ఆయన తెలుగులో, పక్క కొట్టు ఒడియా ఆయన ఒడియాలో. రెండు పట్టీలూ ఎదురెదురుగా ఉండేవట.

చిక్కు ఎక్కడంటే, అణా వస్తువు నాలుగుసార్లు విడివిడిగా కొంటే ఇరవై నాలుగు పైసలు, ఒక్కసారి కొంటే పావలా, అంటే ఇరవై అయిదు. మొదటి వారంలోనే జనం ఇది పట్టేశారు. రోజుకు నాలుగుసార్లు వచ్చి అణా అణా బెల్లం పట్టుకెళ్లిన ఇల్లాలి సంగతి మా తాత చివరిదాకా ముచ్చటగా చెప్పేవాడు. ఆవిడ తెలివికి మురిసి ఐదోసారి చిన్న ముక్క ఊరికే ఇచ్చాడట. 1964 జూన్‌లో "నయా" మాట తీసేసి ఉత్త పైసా అన్నారు. పదహారణాలు మాత్రం మన నోట్లో ఉండిపోయాయి.

రాయగడ_రైలుకట్ట (రాయగడ)
మార్చి 27, రాత్రి 8.00

చోటు ఉంటే: 1973లో పులుల రక్షణ పథకం, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు తీర రైల్వే పూర్తిస్థాయిలో పనిలోకి రావడం, 2010లో ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం. అన్నీ ఏప్రిల్ 1నే. 2003 నాడు మా స్టేషనులో పేరుబల్లల కింద రైల్వే పేరు మార్చి రాశారు, ఆ రంగు వాసన ఇంకా గుర్తు.

టెక్కలి_దారి (పర్లాకిమిడి)
మార్చి 28, ఉదయం 9.30

అసలు ప్రశ్న మిగిలింది. 1936 వాక్యం.

నా ప్రతిపాదన: రెండు వాక్యాలూ ఒకే అక్షరం కొలతతో, పక్కపక్కన. పైనా కిందా కాదు. ఒకటి పైన ఉంటే రెండోది దానికి జవాబులా కనిపిస్తుంది. రెండింటికీ ఒడియా అనువాదం ఉండాలి. పోయిన ఏడాది తాతగారు తెలుగులో మాత్రమే రాశారు, తుడిచినవారికి అది ఏమిటో అర్థమై ఉండకపోవచ్చు కూడా.

రుషికుల్య (ఛత్రపురం)
మార్చి 28, ఉదయం 10.10

ఒడియా వాక్యాలు నేను రాసి పంపుతాను. "వేరుపడిన" అనే చోట ఒడియాలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి పగతో తెగినట్టు ఉంటుంది, ఇంకోటి అన్నదమ్ములు వేరుకాపురం పెట్టినట్టు ఉంటుంది. రెండోది వాడతాను. గిడుగువారు వెళ్లిపోయిన వాక్యం కూడా ఒడియాలో ఉండాలి. సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పిన మనిషిని ఒడియా చదివే పిల్లలు తెలుసుకోవద్దా?

ఖజానా_గుమాస్తా (బరంపురం)
మార్చి 28, ఉదయం 11.00

"మద్రాసు రాష్ట్రం" అని రాయకండి, అప్పటికి అది మద్రాసు రాజధాని. "ఒడిశా" అన్న రూపం 2011 నవంబరు నుంచి. 1936 వాక్యంలో ఒరిస్సా అనే రాయండి. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు.

వంశధార (పర్లాకిమిడి)
ఏప్రిల్ 1, రాత్రి 7.45

బల్ల చాలలేదు. పక్కింటివారి పిండివంటల చెక్కపీట అడిగి తెచ్చి, దానికి నల్లరంగు వేసి, రెండో బల్ల చేశాను. పొద్దున్న రాసినది ఇది.

1900: నౌపడ–పర్లాకిమిడి చిన్నరైలు మొదలైంది.
1912: బీహార్-ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గంజాం మద్రాసులోనే ఉంది.
1936: ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయింది. కొరాపుట్ జిల్లా ఏర్పడింది. — పర్లాకిమిడి, బరంపురం, జయపురం మద్రాసు రాజధాని నుంచి వేరుపడ్డాయి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.
1937: కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా తొలి ప్రధాని అయ్యారు. — బర్మా వేరే దేశం అయింది. రంగంలో ఉన్న మనవాళ్ల ఉత్తరాల మీద బిళ్ల మారింది.
1957: అణాకు ఆరు నయా పైసలు.

తాతగారు ఎనిమిదింటికి వచ్చారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మొత్తం చదివారు. సుద్దముక్క అడుగుతారని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అడగలేదు. 1900 వాక్యం మీద వేలు పెట్టి, "మా నాన్న ఈ రైల్లో టిక్కెట్లు చూసేవాడమ్మా, రాజావారి కొలువులో" అన్నారు. కాసేపు అరుగు మీద కూర్చున్నారు. ఉత్కళ దినోత్సవం ఊరేగింపుకు వెళ్తున్న పిల్లలు కొందరు ఆగి బిళ్ల మారడమంటే ఏమిటని అడిగితే, గోపాలపురం తీరం గారు పంపిన కవరు బొమ్మ ఫోనులో చూపించాను. ఒక పాప ఆ నల్ల అక్షరాలను వేళ్లతో పెద్దవి చేసి చేసి చూసింది.

సాయంత్రం దాకా ఎవరూ ఏమీ తుడవలేదు. చీకటి పడ్డాక రెండో బల్లను లోపలికి తెచ్చి పెట్టాను, చెక్కపీట రేపు తిరిగి ఇచ్చేయాలి.

ఏప్రిల్ 6 దగ్గరకొస్తోంది. 1942లో ఆ రోజు విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. అప్పుడు పల్లెలకు పారిపోయి వచ్చినవారి ఇళ్లవాళ్లు, రంగం నుంచి నడిచి వచ్చినవారి ఇళ్లవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి.